స్కాన్ చేసిన కేస్ షీట్లను హెచ్‌ఐఎస్‌తో కలపాలి – ఏ నంబరు పట్టుకుని కలపాలి?

ఖమ్మం_సిస్టమ్స్:

అందరికీ నమస్కారం. మాది ఖమ్మంలో 150 పడకల ప్రైవేటు ఆసుపత్రి. సిస్టమ్స్ నేను చూస్తాను. రిజిస్ట్రేషన్, బిల్లింగ్, ల్యాబ్, ఫార్మసీ, డిశ్చార్జి సమ్మరీ అన్నీ హెచ్‌ఐఎస్‌లో (ఆసుపత్రి పనులు నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్నాయి. వార్డులో రాసేది మాత్రం కాగితం మీదే: నర్సుల నోట్సు, డ్రగ్ చార్టు, అనస్తీషియా రికార్డు, కన్సెంట్లు. డిశ్చార్జి అయ్యాక కేస్ షీటు ఎంఆర్‌డీకి (మెడికల్ రికార్డుల విభాగం) వస్తే అక్కడ స్కాన్ చేసి, వేరే కంపెనీ ఇచ్చిన డాక్యుమెంట్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తారు. దాన్ని మేం డీఎంఎస్ అంటాం.

ఈ రెండింటికీ ఏ లింకూ లేదు. ఎంఆర్‌డీలో అబ్బాయి ఫైలు మీదున్న యూహెచ్‌ఐడీ (ఒక్కో పేషెంటుకు ఆసుపత్రి ఇచ్చే నంబరు) చూసి చేత్తో టైపు చేస్తాడు. ఓపీలో డాక్టరుకు పాత ఫైలు కావాలంటే ఇంకో లాగిన్, ఇంకో సెర్చ్. అందుకే ఎవరూ తెరవరు. ఎంఆర్‌డీకి ఫోన్ చేసి ఫైలే పంపమంటారు. స్కానింగు మీద ఇంత ఖర్చెందుకని మేనేజ్‌మెంట్ నన్ను అడుగుతోంది.

హెచ్‌ఐఎస్ వెండర్ "పీడీఎఫ్‌లన్నీ మా డేటాబేస్‌లోనే పెట్టేయండి" అంటాడు. డీఎంఎస్ వెండర్ "యూహెచ్‌ఐడీతో ఒక లింక్ ఇస్తాం, బటన్ నొక్కితే తెరుచుకుంటుంది, రెండు రోజుల పని" అంటాడు. ఎవరి మాట వినాలి? పైగా పాత స్కాన్లలో చాలావాటికి ఐపీ నంబరు (ఒక్కో అడ్మిషన్‌కు ఇచ్చేది) తప్ప యూహెచ్‌ఐడీ లేదు. వాటినేం చేయాలి?

ఇంటర్‌ఫేస్_పనివాడు, హైదరాబాద్:

ఇద్దరి మాటా వినకండి సార్. ఆసుపత్రుల్లో ఇంటర్‌ఫేస్‌లు రాయడమే నా పని, ఈ రెండు సలహాలూ చాలా చోట్ల విన్నాను.

ముందు డేటాబేస్ సంగతి. ఏ4 పేజీని 300 డీపీఐలో గ్రేస్కేల్‌గా స్కాన్ చేస్తే 2480×3508 పిక్సెళ్లు, కుదించకముందు దాదాపు 87 లక్షల బైట్లు. ఎంత కుదించినా, వంద పేజీల కేస్ షీట్లు రోజూ బిల్లింగ్ నడిచే డేటాబేస్‌లోకి వెళ్తే కొన్నాళ్లకు రాత్రి బ్యాకప్ తెల్లారినా పూర్తికాదు. ఫైలు డీఎంఎస్‌లోనే ఉండనివ్వండి. హెచ్‌ఐఎస్‌లో ఆ ఫైలు వివరం మాత్రం ఉంటే చాలు: ఎవరిది, ఏ విజిట్, ఏ రకం డాక్యుమెంట్, ఏ తేదీ, డీఎంఎస్‌లో దాని ఐడీ ఏంటి.

ఇక "రెండు రోజుల పని". బటన్ పెట్టడం నిజంగానే రెండు రోజుల పని. ఆ బటన్ నొక్కితే సరైన మనిషి ఫైలు తెరుచుకోవడం అసలు పని. దాని గురించి ఎవరూ కొటేషన్‌లో రాయరు.

మన దగ్గర రిజిస్ట్రేషన్ కౌంటర్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. పెద్దావిడ వస్తుంది, పేరు లక్ష్మి. ఇంగ్లిషులో ఒకరు కేఎస్‌హెచ్ పెట్టి కొడతారు, ఇంకొకరు ఎక్స్ పెట్టి కొడతారు. ఒకసారి ఇంటిపేరు ముందు, ఒకసారి వెనక, ఒకసారి ఉత్త పొడక్షరం. వయసు అడిగితే "అరవై ఉంటాయి నాయనా". ఫోన్ నంబరు ఈసారి పెద్దకొడుకుది, పోయినసారి అల్లుడిది. సెర్చ్‌లో దొరక్కపోతే, వెనక క్యూ పెరుగుతుంటే, కౌంటర్‌లో అమ్మాయి కొత్త యూహెచ్‌ఐడీ తీసేస్తుంది. తప్పు ఆ అమ్మాయిది కాదు. కానీ ఒకే మనిషికి రెండు నంబర్లయ్యాయి.

తర్వాత ఎవరో గమనించి హెచ్‌ఐఎస్‌లో రెండింటినీ మెర్జ్ చేస్తారు. ల్యాబ్, బిల్లులు అన్నీ ఒక నంబరు కిందికి వస్తాయి. డీఎంఎస్‌కు ఆ కబురు అందదు. పాత నంబరు కింద ఉన్న ఆపరేషన్ నోట్సు, అలర్జీ రాసిన పేజీ అక్కడే ఉండిపోతాయి. డాక్టరు బటన్ నొక్కితే "డాక్యుమెంట్లు లేవు" అని వస్తుంది, పాత రికార్డు లేదేమో అనుకుంటాడు. ఫైలే తెరుచుకోకపోయి ఉంటే ఎంఆర్‌డీకి ఫోనైనా చేసేవాడు!

కాబట్టి వెండర్లిద్దరినీ కూర్చోబెట్టి మొదట అడగాల్సింది ఒకటే: "మెర్జ్ అయితే మీరేం చేస్తారు?" ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు ఒకదానికొకటి మెసేజ్‌లు పంపుకునే ప్రమాణం హెచ్‌ఎల్7. దాని వెర్షన్ 2లో దీనికి ఏడీటీ ఏ40 అని ప్రత్యేకంగా మెసేజ్ ఉంది. మిగిలే నంబరు ఆ మెసేజ్‌లో పీఐడీ అనే సెగ్మెంట్‌లో (భాగంలో), పోయే నంబరు ఎంఆర్‌జీ సెగ్మెంట్‌లో వస్తాయి. హెచ్‌ఐఎస్ దాన్ని పంపాలి, డీఎంఎస్ అందుకుని పాత నంబరు కింది ఫైళ్లన్నీ కొత్తదాని కిందికి మార్చాలి. అడ్మిషన్‌కు ఏ01, ఓపీ రిజిస్ట్రేషన్‌కు ఏ04, పేరూ వయసూ దిద్దితే ఏ08 అందరూ చేసిస్తారు. ఏ40 అడగ్గానే "ఫేజ్ టూలో చూద్దాం" అంటారు. ఫేజ్ వన్‌లోనే రాయించుకోండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఏ నంబరు. మనిషిని యూహెచ్‌ఐడీతో, కాగితాన్ని విజిట్ నంబరుతో (అడ్మిషన్ అయితే ఐపీ నంబరే) కట్టండి. కేస్ షీటు ఒక అడ్మిషన్‌కు సంబంధించింది. యూహెచ్‌ఐడీ ఒక్కటే పెడితే నాలుగు అడ్మిషన్ల కాగితాలు ఒకే కుప్పలో పడతాయి. పైగా పొరపాటున మెర్జ్ చేసి మళ్లీ విడదీయాల్సి వస్తే, విజిట్ నంబరు ఉంటేనే ఏ కాగితం ఎవరిదో తేలుతుంది.

పాత స్కాన్లకు ఐపీ నంబరు ఉందన్నారు, చాలావరకు పని జరుగుతుంది. హెచ్‌ఐఎస్ అడ్మిషన్ టేబుల్‌లో ఐపీ నంబరు పక్కన యూహెచ్‌ఐడీ ఉంటుంది. కానీ ఒకటి చూసుకోండి: మీ ఐపీ నంబర్లు ఏటా ఏప్రిల్ 1న మళ్లీ 1 నుంచి మొదలవుతాయా? చాలా ఆసుపత్రుల్లో అంతే. అలాగైతే 2019లో 412 వేరే మనిషి, 2021లో 412 వేరే మనిషి. నంబరుతో పాటు ఆర్థిక సంవత్సరం, డిశ్చార్జి తేదీ కూడా కలిస్తేనే జత చేయండి. కలవనివి విడిగా ఒక క్యూలో పెట్టి మనిషి చేత చూపించండి. పేరు దగ్గరగా ఉందని సాఫ్ట్‌వేర్ తనంతట తాను జత చేయకూడదు.

ఓపీలో_కూర్చునే_డాక్టర్:

డాక్టరు వైపు నుంచి ఒక మాట. లాగిన్ ఒక్కటే అడ్డం కాదండీ. బటన్ నొక్కితే 140 పేజీల పీడీఎఫ్ ఒకటి తెరుచుకుంటే నేనేం చేయాలి? బయట ముప్పై మంది కూర్చుని ఉంటారు. నాకు కావాల్సింది పాత డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్సు, ఎకో, బయాప్సీ రిపోర్టు. టీపీఆర్ చార్టులో ఆరో రోజు టెంపరేచర్ ఎంతో నాకక్కర్లేదు, కావాలంటే వెతుక్కుంటాను. రకాలవారీగా విడదీయకుండా ఎంత గొప్ప ఇంటిగ్రేషన్ చేసినా మేం మళ్లీ ఫోనే చేస్తాం.

ఎంఆర్‌డీ_మేడం, గుంటూరు:

డాక్టరుగారు చెప్పింది నిజమే, కానీ ఆ విడదీసే పని ఎవరి నెత్తిన పడుతుందో కూడా చెప్పాలి కదా! మా దగ్గర మొదట్లో ఒక్కో పేజీ చూసి రకం ఎంచుకోమన్నారు. పని ముందుకు కదల్లేదు. తర్వాత ప్రతి ఫారం మూల ఒక బార్‌కోడ్ అచ్చు వేయించాం, అది ఏ ఫారమో దాన్నిబట్టే తెలుస్తుంది. పేషెంటు బార్‌కోడ్ వేరే స్టిక్కరు. అడ్మిషన్ అప్పుడే ఒక షీటు స్టిక్కర్లు ప్రింటై ఫైలుతో పాటు వార్డుకు వెళ్తాయి. సిస్టర్ కొత్త ఫారం తీసినప్పుడు స్టిక్కరు అంటిస్తుంది. స్కానర్ రెండూ చదువుకుంటుంది, మేం టైపు చేసేదేమీ లేదు.

రెండు బార్‌కోడ్‌లూ కలిపి ఒకేసారి ప్రింట్ చేస్తే పోలా అని వెండర్ అంటాడు, ఒప్పుకోకండి. రాత్రి డ్యూటీలో ఫారాలు అయిపోతే సిస్టర్లు ఏం చేస్తారు? పక్క బెడ్ పేషెంటు ఖాళీ ఫారం జిరాక్స్ తీసి, పేరు పెన్నుతో కొట్టేసి, వేరే పేరు రాస్తారు. మనిషి కంటికి కొట్టేసిన పేరు కనిపిస్తుంది. స్కానర్‌కు బార్‌కోడే కనిపిస్తుంది. ఆ పేజీ నేరుగా పక్క బెడ్ ఆయన రికార్డులోకి పోతుంది. ఫారం కోడ్ మాత్రమే అచ్చులో ఉంటే ఎన్ని జిరాక్సులు తీసినా నష్టం లేదు.

ఇంకొన్ని. ఈసీజీ థర్మల్ పేపర్ మీద వస్తే అది వెలిసిపోతుంది, దాన్ని డిశ్చార్జి దాకా ఆపకుండా వార్డులోనే స్కాన్ చేయించండి. స్కానర్‌లో ఖాళీ పేజీలు తీసేసే సెట్టింగు ఉంటుంది, దాంతో జాగ్రత్త. పెన్సిల్‌తో సన్నగా గీసిన చార్టులనూ, కార్బన్ కాపీలనూ ఖాళీ అనుకుని తీసేస్తుంది. మేం దాన్ని ఆపేశాం, నాలుగు ఖాళీ పేజీలు ఎక్కువుంటే ఎవరికీ నష్టం లేదు. డెఫిషియెన్సీ చెక్ (ఫైలులో ఏవైనా లోపాలున్నాయా అని చూడటం) అవ్వకుండా స్కాన్ చేయకండి. డాక్టరు సంతకం లేని సమ్మరీ స్కానైపోతే సంతకం పెట్టాక మళ్లీ స్కాన్ చేయాలి, అప్పుడు రెండు కాపీలు తయారవుతాయి.

స్కాన్ అయ్యాయి కదా, కాగితాలు పారేద్దామని మేనేజ్‌మెంట్ అడుగుతుంది, రాసిపెట్టుకోండి. 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డు చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు ఉంచాలి, పేషెంటు తరఫువాళ్లు అడిగితే 72 గంటల్లో కాపీలివ్వాలి. ఎంఎల్‌సీ (పోలీసు, కోర్టులతో ముడిపడిన మెడికో లీగల్ కేసు) ఫైళ్ల జోలికి అసలు వెళ్లకండి, కేసు తేలేదాకా బీరువాలోనే ఉండాలి.

ఖమ్మం_సిస్టమ్స్:

మేడం, జిరాక్స్ సంగతి అచ్చంగా మా వార్డుల్లో జరిగేదే. ఫారాల అచ్చుకు ఆర్డర్ ఇవ్వబోతున్నాం, ఆపమని ఇప్పుడే చెప్పాను.

ఇంకో మూడు అడగాలి. డిశ్చార్జి సమ్మరీ హెచ్‌ఐఎస్‌లోనే తయారవుతుంది, దాన్ని ప్రింట్ తీసి సంతకం పెట్టించి మళ్లీ స్కాన్ చేస్తున్నాం. ఇది అవసరమా? లింక్ సెక్యూరిటీ గురించి ఏం అడగాలి? అలాగే ఆభా నంబరునే (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు) అన్నిటికీ కామన్‌గా వాడేద్దామని మా డైరెక్టర్‌గారి ఆలోచన.

ఇంటర్‌ఫేస్_పనివాడు, హైదరాబాద్:

సమ్మరీ ముందు. కంప్యూటర్‌లో పుట్టినదాన్ని కాగితం చేసి, మళ్లీ బొమ్మగా మార్చి కంప్యూటర్‌లో పెట్టడం దండగ. ఫైనలైజ్ చేయగానే హెచ్‌ఐఎస్ నుంచి పీడీఎఫ్ నేరుగా డీఎంఎస్‌కు వెళ్లాలి. హెచ్‌ఎల్7లో ఎండీఎం టీ02 దానికే. సమ్మరీ దిద్దితే టీ10, అంటే పాతదాని స్థానంలో ఇది అని. పాతది చెరిగిపోకూడదు, డాక్టరుకు మాత్రం కొత్తదే కనిపించాలి. మీ వెండర్లు ఫైర్ (హెచ్‌ఎల్7 వాళ్లదే కొత్త ప్రమాణం) వాడితే డాక్యుమెంట్ రిఫరెన్స్‌లో పాతదాని స్టేటస్ సూపర్‌సీడెడ్ అవుతుంది. సంతకానికి 2000 నాటి ఐటీ చట్టం ఎలక్ట్రానిక్ సంతకాన్ని గుర్తిస్తుంది, డాక్టర్లకు డిజిటల్ సర్టిఫికెట్లు తీసుకోండి. అవి వచ్చేదాకా సంతకం పెట్టిన ప్రింటు కూడా స్కాన్ చేస్తూనే ఉండండి, తప్పదు.

లింక్ గురించి: వెండర్ డెమో ఇచ్చేటప్పుడు బ్రౌజర్‌లో పైన అడ్రసు చూడండి. అందులో యూహెచ్‌ఐడీ కనిపిస్తుంటే చివరి అంకె మార్చి ఎంటర్ కొట్టండి. పక్క పేషెంటు ఫైలు తెరుచుకుంటే ఆ డెమో అక్కడితో ఆపేయొచ్చు. ఎవరు, ఏ పేషెంటు కోసం అడుగుతున్నారో చెప్పే, కొద్ది నిమిషాలకే గడువు తీరే టోకెన్‌తో లింక్ తెరుచుకోవాలి. డీఎంఎస్ ఆడిట్ లాగ్ కూడా తెరిపించండి. అందరి పేరూ "హెచ్‌ఐఎస్ యూజర్" అనే ఉంటే ఆ లాగ్ ఎందుకూ పనికిరాదు, డాక్టరు పేరే పడాలి. ఎక్కించేటప్పుడే ప్రతి ఫైలుకూ హాష్ (ఫైలులో ఏం మారినా పట్టిచ్చే డిజిటల్ వేలిముద్ర) తీసి భద్రపరచమనండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద కోర్టుకు ఎలక్ట్రానిక్ రికార్డు ఇచ్చేటప్పుడు సర్టిఫికెట్‌లో హాష్ అడుగుతారు. మేడం చెప్పిన ఎంఎల్‌సీ కేసుల్లో ఇది పనికొస్తుంది.

ఆభాను లోపలి నంబరుగా వాడొద్దు. అది 14 అంకెల నంబరు, తీసుకోవడం పేషెంటు ఇష్టం. అర్ధరాత్రి యాక్సిడెంట్ కేసు వస్తే ఆభా ఎవరిస్తారు? యూహెచ్‌ఐడీ పక్కన అదనపు గుర్తింపుగా ఉంచుకోండి, పీఐడీ-3లో (పీఐడీ సెగ్మెంట్‌లో నంబర్లు పెట్టే గడి) ఒకటికి మించి నంబర్లు పెట్టొచ్చు. అయితే డైరెక్టర్‌గారి ఆలోచనలో మంచి కూడా ఉంది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో రికార్డును ఆభాకు జోడించేది కేర్ కాంటెక్స్ట్ ద్వారా, మన లెక్కలో అది ఒక విజిట్ అనుకోవచ్చు. కాగితాలను విజిట్ నంబరుతో కట్టి ఉంటే రేపు అది తేలిక. స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను కూడా హెల్త్ డాక్యుమెంట్ రికార్డుగా పంపొచ్చు, ప్రతిదీ మళ్లీ టైపు చేయక్కర్లేదు.

మధ్యలో ఇంటిగ్రేషన్ ఇంజన్ (రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య మెసేజ్‌లు చేరవేసేది) ఉంటే మంచిది. డీఎంఎస్ సర్వర్ రెండు గంటలు ఆగినా మెసేజ్‌లు క్యూలో ఉంటాయి, పోవు. అలాంటి ఇంజన్ మిర్త్ కనెక్ట్ ఫ్రీ కదా అని ఎవరైనా అంటే వెర్షన్ అడగండి. 4.6 నుంచి అది కమర్షియల్ లైసెన్స్.

మొదలుపెట్టడానికి ఒక వార్డు చాలు. సర్జరీ తీసుకోండి, ఫారాలు ఎక్కువ కాబట్టి తేడాలు త్వరగా బయటపడతాయి. బిల్లు కట్టే ముందు టెస్ట్ సర్వర్‌లో రెండు డమ్మీ పేషెంట్లు పెట్టి, ఇద్దరికీ స్కాన్లు ఎక్కించి, మెర్జ్ చేసి, మళ్లీ విడదీయించండి. రెండో ముక్క చేయలేమని హెచ్‌ఐఎస్ వాళ్లు అంటే, మెర్జ్ చేసే హక్కు కౌంటర్ నుంచి తీసేసి ఎంఆర్‌డీలో ఒక్కరికే ఇవ్వండి.

ఎంఆర్‌డీ_మేడం, గుంటూరు:

ఆ ఒక్కరు సెలవు పెడితే ఎవరు చేస్తారో కూడా ముందే రాసుకోండి. మా దగ్గర ఆ హక్కు నాకే ఉంది, పండక్కి ఊరెళ్లినా ఫోన్లు వస్తూనే ఉంటాయి.