ఖాతా తెరవడానికి ఫోన్ నంబరు తప్పనిసరి చేయవచ్చా?

ద్వారకానగర్ వాసి:
వెబ్‌సైట్లలో వార్తలు చదువుకోవడానికి ఖాతా తెరవబోయినా, పాత పుస్తకాలు కొనబోయినా ముందు ఫోన్ నంబరే అడుగుతున్నారు. ఇవ్వకపోతే అక్కడితో ఆగిపోవలసిందే. ఇది సబబేనా?

మద్దిలపాలెం వాసి:
సబబే అంటాను. ఈ-మెయిళ్లు ఎన్నైనా పుట్టించవచ్చు. సిమ్ మాత్రం గుర్తింపు పత్రం లేనిదే ఇవ్వరు, ఒకరి పేర 9కి మించి ఉండనివ్వరు. దొంగ ఖాతాలకు ఇంతకన్నా చవకైన అడ్డుకట్ట లేదు. గోప్యతకు పేరుపడిన మెసేజింగ్ యాప్ సిగ్నల్ కూడా, 2024లో నంబరు ఇతరులకు కనబడకుండా యూజర్‌నేమ్ తెచ్చినా, నమోదుకు నంబరు అడుగుతూనే ఉంది. పైగా ఈ-మెయిల్ అలవాటు లేని పెద్దవారు పాస్‌వర్డ్ మరిచిపోతే ఓటీపీ తప్ప వేరే దారేది?

గాజువాక వాసి:
పెద్దవారి విషయంలో మీ మాట నిజం. వారికి ఆ వీలు ఉండి తీరాలి. నా అభ్యంతరమల్లా తప్పనిసరి చేయడం మీదనే. సిమ్ గుర్తింపు పత్రంతో ముడిపడి ఉంది కనుకనే నంబరు అడగడం దాదాపు మనిషి ఆనవాలు అడగడమే అవుతోంది. బ్యాంకుకూ, గ్యాసుకూ, కిరాణా యాప్‌కూ అదే నంబరు ఇస్తాం కాబట్టి, ఒకచోట బయటపడితే మిగతా చోట్ల ఉన్న వివరాలన్నీ ఒకే మనిషివని పోల్చుకోవడం తేలిక. 2021లో 53 కోట్లకు పైగా ఫేస్‌బుక్ ఖాతాల వివరాలు నంబర్లతో సహా బయటపడ్డాయి. ఖాతా భద్రతకని తీసుకున్న నంబర్లను ప్రకటనలకు వాడుకున్నందుకు ట్విట్టర్‌కు 2022లో అమెరికాలో 15 కోట్ల డాలర్ల జరిమానా పడింది. భద్రత పేరుతో అడిగినప్పుడల్లా నాకు ఇదే గుర్తుకొస్తుంది.

అసలు నంబరు మన సొంతం కూడా కాదు. మన విశాఖలో ఓడల మీద ఉద్యోగాలు చేసేవారు ఎందరో ఉన్నారు. నెలల తరబడి సముద్రం మీద ఉండి రీచార్జి చేయించకపోతే కనెక్షన్ పోతుంది. అలా రద్దయిన నంబరును 90 రోజులు గడిచాక వేరొకరికి ఇవ్వవచ్చు. ఆ తరువాత వచ్చే ఓటీపీ ఆ కొత్త మనిషి చేతికే వెళ్తుంది, ఓడ దిగినవాడు తన ఖాతాకే బయటివాడవుతాడు.

మద్దిలపాలెం వాసి:
ఓడల సంగతి నేను ఆలోచించలేదు. అయినా దొంగ ఖాతాల మాటేమిటి?

గాజువాక వాసి:
ఇతరులకు సందేశాలు పంపే చోట, డబ్బు చేతులు మారే చోట తనిఖీ ఉండవలసిందే, కాదనను. చదువుకోవడానికి వచ్చినవాడు ఎవరిని మోసం చేస్తాడు? అక్కడ ఈ-మెయిల్ చాలు. భద్రత కావాలంటే, నంబరుతో పని లేకుండా లాగిన్ కోడ్ పుట్టించే అథెంటికేటర్ యాప్, పాస్‌వర్డ్‌కు బదులు వేలిముద్రతోనో ఫోన్ లాక్‌తోనో లోపలికి రానిచ్చే పాస్‌కీ ఉన్నాయి. సమ్మతి ఇచ్చినా అది చెప్పిన పనికి అవసరమైన వివరాలకే పరిమితమని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటోంది. బిల్లు వేయడానికి నంబరు కోసం పట్టుబట్టవద్దని అదే ఏడాది మే నెలలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణదారులకు సూచించింది. జగదాంబ కూడలిలోని దుకాణానికి చెప్పిన ఆ మాట వెబ్‌సైటుకు ఎందుకు వర్తించకూడదు?