మూడు లైట్లు పెట్టినా ముక్కుకు రెండు నీడలు

హనుమకొండ స్టూడియో:
మిత్రులకు నమస్కారం. పన్నెండడుగుల గదిలో ఇన్నాళ్లూ ఒక్క అంబ్రెల్లా (వెలుగును మెత్తబరిచే గొడుగు) లైటుతో నెట్టుకొచ్చి, బతుకమ్మ గిరాకీ కోసం మరో రెండు ఫ్లాష్‌లు కొన్నాను. రెండింటిని కెమెరాకు ఇరువైపులా, మూడోదాన్ని మనిషి వెనుక పెట్టి తీస్తే ముఖం చదునుగా రావడమే కాక, ముక్కుకు రెండు పక్కలా నీడలు పడుతున్నాయి. లోపం ఎక్కడుందో అనుభవజ్ఞులు చెప్పగలరు.

కరీంనగర్ సభ్యుడు:
అన్నగారూ, ముందున్న రెండు లైట్లూ ఒకే బలంతో వెలుగుతున్నందువల్లే ఆ రెండు నీడలు. మొదట ఫ్లాష్‌లన్నీ ఆపి, ఐఎస్‌ఓ 100, షట్టర్ 1/125, అపెర్చర్ ఎఫ్/8తో ఒక ఫొటో తీయండి. అది పూర్తిగా నల్లగా రాకపోతే గదిలోని ట్యూబ్‌లైటు వెలుగు కూడా కలుస్తోందని అర్థం. తర్వాత కీ లైట్ (ముఖానికి ప్రధాన వెలుగు) ఒక్కటే వేసి, పక్కకు 45 డిగ్రీలలో, కంటికంటే ఎత్తున ఉంచి, ముక్కు నీడ పెదవిని తాకకుండా చూసుకోండి. అది కుదిరిన తర్వాతే ఫిల్ లైట్‌ను (నీడను పలచబరిచే రెండో లైటును) కెమెరా వెనక్కి తెచ్చి, ఒక స్టాపు, అంటే సగానికి, తగ్గించి వేయండి. మగవారికైతే నేను రెండు స్టాపులు తగ్గిస్తాను.

జగిత్యాల సభ్యుడు:
పవర్ ముట్టుకోకుండా దూరం మార్చినా వెలుగు మారుతుంది. మూడడుగుల నుంచి ఆరడుగులకు జరిపితే అది సగం కాదు, దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. చిన్న గదిలో గోడలను కూడా గమనించండి. మా గోడకు పిస్తా రంగు ఉన్న రోజుల్లో ఒక పెళ్లికూతురి చెంప నీడవైపు పచ్చగా వస్తుంటే, గంటసేపు వైట్ బ్యాలెన్స్ (రంగులు సరిచేసే కెమెరా సెట్టింగ్) మార్చి మార్చి విసిగిపోయాను. గోడకు నల్లగుడ్డ కట్టగానే ఆ పచ్చదనం పోయింది. నిజానికి అంత ఇరుకులో ఫిల్‌కు మరో ఫ్లాష్ ఎందుకు? కీ లైట్ వెలుగును నీడవైపు తిప్పికొట్టే తెల్లటి థర్మకోల్ షీటు చాలు.

వరంగల్ సభ్యురాలు:
వెనుక లైటుకు గ్రిడ్ (వెలుగు పక్కలకు చెదరకుండా ఆపే జాలీ) తప్పనిసరి. అది లేకపోతే వెలుగు నేరుగా లెన్సులో పడి ఫొటో మసకబారుతుంది. పట్టుచీర కట్టుకున్నవారు కూర్చున్నప్పుడు దాని బలం మరింత తగ్గించండి. లేదంటే భుజం మీది జరీ తెల్లగా కాలిపోయి, అంచు నేత కనిపించదు.

హనుమకొండ స్టూడియో:
అందరికీ కృతజ్ఞతలు. రాత్రి మా అమ్మను కూర్చోబెట్టి థర్మకోల్‌తో తీశాను. ఒక్కటే నీడ పడింది, ముక్కుపుడక రాయి కూడా విడిగా మెరిసింది. అయితే కళ్లద్దాలలో సాఫ్ట్‌బాక్స్ (లైటుకు తొడిగిన తెల్లగుడ్డ పెట్టె) కనిపిస్తోంది.

కరీంనగర్ సభ్యుడు:
లైటును ఇంకో అడుగు పైకి లేపి, అద్దాల కాడలను చెవుల మీద కొద్దిగా ఎత్తి పెట్టండి. అద్దం కిందికి వంగితే ఆ ప్రతిబింబం కెమెరా వైపు రాదు.