నెల్లూరు పొట్టేలు కల్చర్లు: శాటిలైట్ కణాలు కలవవు, కొవ్వు కణాలు నిండవు. లోపం ఎక్కడ?

పశుశాస్త్రం_తిరుపతి

అందరికీ నమస్కారం. ఎం.వి.ఎస్సీ థీసిస్ కోసం నెల్లూరు పొట్టేలు కండ కణాలను (ఒకదానితో ఒకటి కలిసి పోగుగా మారే శాటిలైట్ కణాలను), కొవ్వు కణాలను పక్కపక్కన పెంచి పోల్చాలి. కణజాలం తిరుపతి దగ్గరి కబేళా నుంచి వస్తుంది. జంతువుల వయసు 8 నుంచి 10 నెలలు.

కండ: వెనక తొడలోని సెమిటెండినోసస్, 10 గ్రాములు. సన్నగా తరిగి 0.1 శాతం ప్రొనేజ్‌లో (కణాలను విడదీసే ఎంజైమ్) 37 డిగ్రీల దగ్గర గంటసేపు, తర్వాత 70 మైక్రాన్ల జల్లెడ, మామూలు ప్లాస్టిక్ డిష్, డీఎంఈఎం మీడియంలో 10 శాతం ఎఫ్‌బీఎస్ (దూడ పిండం సీరం). ఐదో రోజుకు డిష్ నిండిపోతుంది కానీ కణాలన్నీ చదునుగా, వెడల్పుగా ఉంటాయి. 2 శాతం హార్స్ సీరంకి మార్చినా మయోట్యూబులు (కణాలు కలిసి ఏర్పడే గొట్టంలాంటి పోగులు) ఎక్కడో ఒకటీ అరా.

కొవ్వు: మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు, కండతో పాటు అదే ఐస్ బాక్సులో. టైప్ 1 కొల్లాజినేజ్ ఎంజైమ్, డిష్ నిండాక 3టీ3-ఎల్1 కణాలను కొవ్వు కణాలుగా మార్చడానికి వాడే కాక్‌టెయిల్ (డెక్సామెథసోన్, ఐబీఎంఎక్స్, ఇన్సులిన్), లీటరుకు 4.5 గ్రాముల గ్లూకోజ్ ఉన్న డీఎంఈఎం. ఎనిమిదో రోజు కొవ్వును ఎర్రగా చూపించే ఆయిల్ రెడ్ ఓ వేస్తే చుక్కలున్న కణాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

తప్పు కణజాలందా, మీడియందా? మాట్రిజెల్ (డిష్‌కి వేసే ఖరీదైన పూత) కొనే స్థోమత ల్యాబుకు పెద్దగా లేదు, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

కల్చర్‌రూమ్

కండ సంగతి వరకు నేను చెప్తా. మీ డిష్ నిండా ఉన్నవి శాటిలైట్ కణాలు కావు. సెమిటెండినోసస్ మంచి ఎంపికే. ప్రొనేజ్ మోతాదు, సమయం కూడా సరిపోతాయి. దాని తర్వాత మీరు చేసిన ప్రతి పనీ ఫైబ్రోబ్లాస్టుకు (కండ చుట్టూ ఉండే పొరల కణానికి) అనుకూలంగా ఉంది: పూత లేని ప్లాస్టిక్, 10 శాతం సీరం, ఎఫ్‌జీఎఫ్ (కణాలను పెంచే ప్రోటీన్) లేకపోవడం, ఐదు రోజులు కదపకుండా వదిలేయడం.

వరసగా ఇట్లా మార్చి చూడండి.

కోత పడిన అరగంటలోపే కండ చల్లటి పీబీఎస్ ఉప్పు ద్రావణంలోకి రావాలి. యాంటీబయాటిక్ మామూలు మోతాదుకు మూడు నాలుగు రెట్లు (పెన్సిలిన్ మిల్లీలీటరుకు 300–400 యూనిట్లు), ఫంగస్ మందు యాంఫోటెరిసిన్ 2.5 మైక్రోగ్రాములు. ఐస్ నేరుగా తగిలితే అంచులు గడ్డకట్టి అక్కడి కణాలు చస్తాయి, మధ్యలో గుడ్డో థర్మాకోలో ఉండాలి. ల్యాబులో 70 శాతం ఆల్కహాల్‌లో అర నిమిషం ముంచి, పైపొరను కోసి పారేయండి. కబేళా బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది ఆ పొరలోనే.

తరగడానికి ముందు తెల్లటి పొరలు, రక్తనాళాలు, కొవ్వు గీతలు ఏరడానికి కనీసం 20 నిమిషాలు కేటాయించండి. ఇది విసుగు పుట్టించే పనే. అయినా ఫైబ్రోబ్లాస్టులు ఎక్కువగా వచ్చేది ఆ పొరల నుంచే కాబట్టి ఇక్కడ మిగిల్చిన ప్రతి పీచూ ఐదో రోజు డిష్‌లో లెక్కకొస్తుంది.

ప్రొనేజ్‌లో ఉన్నంతసేపూ ప్రతి 10 నిమిషాలకోసారి బాగా కుదపండి. సీరం కలిపితే ప్రొనేజ్ పూర్తిగా ఆగిపోదు, అందుకే రెండుసార్లు కడగాలి. సెంట్రిఫ్యూజ్‌లో 100 జీ దగ్గర నిమిషం తిప్పితే పెద్ద ముక్కలు దిగుతాయి. పైనున్న ద్రవాన్ని తీసి 500 జీ దగ్గర 10 నిమిషాలు తిప్పితే కణాలు అడుక్కొస్తాయి. 70 మైక్రాన్ల జల్లెడ తర్వాత 40 మైక్రాన్లది కూడా పెట్టండి.

అసలు కీలకం ప్రీప్లేటింగ్. కణాలను ముందు పూత లేని డిష్‌లో 1 నుంచి 2 గంటలు ఉంచండి. ఫైబ్రోబ్లాస్టులు తొందరగా అంటుకుంటాయి, శాటిలైట్ కణాలు తేలుతూ ఉంటాయి. తేలిన ద్రవాన్ని పూత ఉన్న డిష్‌కి మార్చాలి. రెండో రోజు ఇంకోసారి ఇదే పని చేస్తే ఇంకా శుభ్రమవుతుంది. పూతకి మాట్రిజెలే కావాలని లేదు, 0.2 శాతం జెలటిన్‌తో మొదలుపెట్టండి. అంటుకోవడం నెమ్మదిగా ఉంటే కొల్లాజెన్ 1 చూడండి.

మీడియంలో 20 శాతం ఎఫ్‌బీఎస్, మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల బీఎఫ్‌జీఎఫ్. 37 డిగ్రీల దగ్గర అది త్వరగా పని మానేస్తుంది కాబట్టి మీడియం సీసాలో కలిపి పెట్టుకోవద్దు, మార్చేటప్పుడే కలపండి. పెంచేటప్పుడు 60–70 శాతం నిండగానే పాసేజ్ చేయాలి (కొత్త డిష్‌లకు పంచాలి). కణాలు ఒకదానికొకటి తగిలితే విభజన మానేసి కలవడం మొదలుపెడతాయి, ఆ తర్వాత ఆ డిష్ పెంచడానికి పనికిరాదు. హార్స్ సీరంకి మార్చేటప్పుడు మాత్రం దీనికి పూర్తిగా ఉల్టా: 80–90 శాతం దట్టంగా ఉండాలి. పలచగా ఉన్న డిష్‌కి హార్స్ సీరం ఇస్తే కలవడానికి పక్కన ఇంకో కణమే దొరకదు. అన్నీ కుదిరితే 72–96 గంటల్లో మయోట్యూబులు కనిపించాలి. మూడు నాలుగు పాసేజులు దాటినవి వాడొద్దు.

వీలైతే 2–3 నెలల పిల్లల కండ తీసుకోండి. పుట్టేనాటికే గొర్రెలో కండ పోగుల సంఖ్య దాదాపు ఖాయమైపోతుంది. ఆ తర్వాత శాటిలైట్ కణాలు వచ్చి కలిసేకొద్దీ పోగు లావెక్కుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ కణాల వాటా తగ్గుతుంది, పది నెలల పొట్టేలులో గ్రాముకు దొరికేవి తక్కువే.

కొవ్వుకణం

కల్చర్‌రూమ్ గారు చెప్పినదాంట్లో ఒకటే మార్పు: ఐస్ కండకు మాత్రమే. కొవ్వును ఐస్‌లో తేవద్దు. గొర్రె మూత్రపిండాల కొవ్వులో స్టియరిక్ ఆమ్లం ఎక్కువ, చల్లబడితే మైనంలా బిగుసుకుంటుంది, కొల్లాజినేజ్ లోపలికి దిగదు. థర్మాస్‌లో 37 డిగ్రీల సెలైన్ పోసి తెండి. రెండు పెట్టెలు మోయాల్సిందే.

ఎక్కడి కొవ్వు అన్నది కూడా ముఖ్యం. పిల్లల కండ తెచ్చినప్పుడు ఆ పిల్లల మూత్రపిండాల కొవ్వే తీసుకుందామనుకుంటారేమో. అప్పుడే పుట్టిన పిల్లలో అది గోధుమరంగు కొవ్వు, మొదటి కొన్ని వారాల్లో తెల్లకొవ్వుగా మారుతుంది. మధ్యలో తీస్తే రెండూ కలిసి ఉంటాయి, గోధుమరంగు కొవ్వుకు గుర్తైన యూసీపీ1 కూడా కనిపించి ఫలితం అర్థం కాదు. నెల్లూరు జాతికి తోక చిన్నది, చర్మం కింద కొవ్వు తక్కువ. రొమ్ము దగ్గర కొంచెం దొరుకుతుంది, అది నయం.

కరిగించడానికి మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము కొల్లాజినేజ్, 2 శాతం బీఎస్ఏ ప్రోటీన్, 45–60 నిమిషాలు కుదుపుతూ. ముందు 250, తర్వాత 40 మైక్రాన్ల జల్లెడ. సెంట్రిఫ్యూజ్ తర్వాత పైన తేలే పసుపు పొర నిండిన కొవ్వు కణాలు, మీకు కావాల్సింది అడుగున ఉన్న ముద్ద. ఒకసారి తిప్పి ఆపి, గట్టిగా కుదిపి మళ్లీ తిప్పితే పై పొరలో ఇరుక్కున్నవి కూడా దిగుతాయి. ఎర్ర కణాలను అమోనియం క్లోరైడ్‌తో 5 నిమిషాలు పోగొట్టండి.

ఇక కాక్‌టెయిల్. 3టీ3-ఎల్1 ఎలుక కణం. గ్లూకోజ్‌ను కొవ్వుగా మార్చడం దానికి తేలిక. నెమరువేసే జంతువు కొవ్వు తయారుచేసేది ప్రధానంగా రుమెన్‌లో పుట్టే అసిటేట్ నుంచి. గొర్రె రక్తంలో గ్లూకోజే డెసిలీటరుకు 50–80 మిల్లీగ్రాములు, మీ మీడియంలో 450. లీటరుకు 1 గ్రాము గ్లూకోజ్ ఉన్న డీఎంఈఎంకి దిగి, 5 మిల్లీమోలార్ సోడియం అసిటేట్ కలపండి.

డెక్సామెథసోన్ 1 మైక్రోమోలార్, ఐబీఎంఎక్స్ 0.5 మిల్లీమోలార్, ఇన్సులిన్ మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు అట్లాగే ఉంచి, రోసిగ్లిటాజోన్ 5 మైక్రోమోలార్ చేర్చండి. గొర్రె కణాలకు పీపార్ గామాను (కణాన్ని కొవ్వు కణంగా మార్చే ముఖ్య ప్రోటీన్) నేరుగా తట్టేది ఒకటి లేకపోతే చాలాసార్లు కదలిక ఉండదు. డిష్ పూర్తిగా నిండాక రెండు రోజులు ఆగి, 48 గంటలు మొత్తం కాక్‌టెయిల్, ఆ తర్వాత ఇన్సులిన్, రోసిగ్లిటాజోన్ మాత్రమే. ఎనిమిది రోజులకే తీర్పు చెప్పొద్దు, 10–12 దాకా చూడండి. మందులను కరిగించే డీఎంఎస్‌ఓ మొత్తం 0.1 శాతం దాటకూడదు, డీఎంఎస్‌ఓ ఒక్కటే వేసిన డిష్ తప్పకుండా పక్కన ఉండాలి.

కొందరు 100 మైక్రోమోలార్ ఒలియేట్ (ఒక కొవ్వు ఆమ్లం) కూడా కలుపుతారు. దాంతో చుక్కలు బాగా వస్తాయి, చిక్కు కూడా అక్కడే. కణం డిఫరెన్షియేట్ కాకుండానే బయటి కొవ్వును మింగి ఎర్రగా కనిపించగలదు. ఒలియేట్ ఉంటుంది, కాక్‌టెయిల్ ఉండదు అనే కంట్రోల్ డిష్ పెట్టకుండా ఆ ఫోటోలు థీసిస్‌లో వేస్తే వైవాలో దొరికిపోతారు.

ఆయిల్ రెడ్ ఓ: స్టాకు 6 పాళ్లు, నీళ్లు 4 పాళ్లు, 10 నిమిషాలు ఉంచి వడపోసి, ఒకటి రెండు గంటల్లో వాడేయాలి. మన ఎండలకు ఐసోప్రొపనాల్ ఆవిరై ఎర్రటి స్ఫటికాలు పడతాయి, మూత పెట్టే ఉంచండి. మెథనాల్‌తో ఫిక్స్ చేస్తే కొవ్వే కరిగిపోతుంది, ఫార్మలిన్ మాత్రమే.

చిత్తూరు_వెట్

ఇద్దరూ చెప్పనిది ఒకటి. ఇంక్యుబేటర్ వేడి చేయగలదు, చాలా మోడళ్లు చల్లార్చలేవు. గది 34–35 డిగ్రీలకు పోతే లోపల 37 నిలవదు, 39 దాకా పాకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఏసీ ఆపేసే ల్యాబుల్లో ఇది మామూలే. డిస్‌ప్లేను నమ్మకుండా లోపల నీళ్ల గ్లాసులో థర్మామీటర్ పెట్టి తెల్లవారి చూడండి.

హార్స్ సీరంపై అనుమానముంటే సీ2సీ12 ఎలుక కండ కణాలకు అదే లాట్ ఇచ్చి చూడండి. అవీ కలవకపోతే సీరం తప్పు. అవి కలిసి మీవి కలవకపోతే కణాలే తేడా. జీన్ ఎక్స్‌ప్రెషన్‌కి పోలికకు జీఏపీడీహెచ్ జీన్ ఒక్కదాన్నే ఆధారం చేసుకోవద్దు, కొవ్వు కణంగా మారేటప్పుడు అదే మారుతుంది. బీటా యాక్టిన్‌దీ అదే కథ. ఆర్‌పీఎల్‌పీ0 లాంటివి కలిపి కనీసం రెండు మూడు పరీక్షించి, కదలనివే వాడండి.

పశుశాస్త్రం_తిరుపతి

చాలా థ్యాంక్స్ అండీ. రెండు సందేహాలు. స్వచ్ఛత చూడటానికి వైమెంటిన్ యాంటీబాడీ ల్యాబులో ఉంది, సరిపోతుందా? ప్రీప్లేటింగ్‌లో మొదటి డిష్‌కి అంటుకున్నవి పారేయడమేనా?

కల్చర్‌రూమ్

వైమెంటిన్ వద్దు. కల్చర్‌లో శాటిలైట్ కణమూ దాన్ని చూపిస్తుంది, ఏదీ తేలదు. కండ కణాల గుర్తులైన పాక్స్7, డెస్మిన్ చూడండి. మయోట్యూబులకు మయోసిన్‌ను పట్టే ఎంఎఫ్20 యాంటీబాడీ జాతులు మారినా పనిచేస్తుంది. ఫ్యూజన్ ఇండెక్స్‌కి కనీసం రెండు కేంద్రకాలున్నవే మయోట్యూబులుగా లెక్కించి, వాటిలోని కేంద్రకాలను మొత్తం కేంద్రకాలతో భాగించండి. చూసేచోట్లను ముందే నిర్ణయించుకోండి, బాగున్న మూలను వెతుక్కోవద్దు.

మొదటి డిష్‌ని మాత్రం పారేయొద్దు. అందులో ఫైబ్రోబ్లాస్టులతో పాటు ఎఫ్ఏపీ కణాలు (ఫైబ్రోబ్లాస్టుగానో కొవ్వు కణంగానో మారగలవి) కూడా ఉంటాయి. పీడీజీఎఫ్ఆర్ ఆల్ఫా ప్రోటీన్ ఉన్న ఈ కణాలను 2010లో ఎలుకల కండలో గుర్తించారు. కండలో పోగుల మధ్య కనిపించే కొవ్వుకు ప్రధాన మూలం ఇవే, శాటిలైట్ కణాలు కావు. మీ పోలికకు మూత్రపిండాల కొవ్వు కంటే ఇదే సరైన జోడీ: అదే జంతువు, అదే కండ, ఒక డిష్ పోగుగా మారేది, ఇంకోటి కొవ్వుగా మారేది.

కొవ్వుకణం

అవును, ఆ డిష్‌కి కూడా నేను చెప్పిన మీడియమే ఇవ్వండి, శాటిలైట్ డిష్‌కి కూడా అదే ఇచ్చి పోల్చండి. రెండింట్లోనూ 0, 2, 4, 8 రోజుల్లో కొవ్వు జీన్లు పీపార్ గామా, ఎఫ్ఏబీపీ4, కండ జీన్ మయోజెనిన్ చూడండి. ప్రైమర్లు గొర్రె సీక్వెన్స్‌తో రాయించుకోండి, ఎలుకవి అరువు తెచ్చుకోవద్దు. ఇది మొదలుపెట్టకముందే మొదటి పాసేజ్‌లో వయల్‌కి పది లక్షల చొప్పున, 10 శాతం డీఎంఎస్‌ఓలో కొన్ని ఫ్రీజ్ చేసి పెట్టండి.