పాత డీజిల్ ఎస్‌యూవీకి పికప్ పడిపోయింది, నిజంగా టర్బోనే పోయిందంటారా?

బెజవాడ_బండి:
అన్నలూ, మాది 2012 మోడల్ ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ, 2.2 లీటర్ కామన్ రైల్ ఇంజిన్, 1,70,000 కిలోమీటర్లు తిరిగింది. ఈమధ్య పికప్ బాగా తగ్గిపోయింది. ఊళ్లో మెల్లగా తిరిగినంతసేపు ఏమీ తెలియదు, హైవే ఎక్కి లారీని దాటుదామని మూడో గేర్లో గట్టిగా తొక్కితే మాత్రం 2,000 ఆర్‌పీఎం దగ్గర రావాల్సిన ఊపు రావడం లేదు, ఇంజిన్ అరుస్తుంది తప్ప బండి లాగదు. మొన్న దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్తే ఘాట్‌లో ఏసీ ఆపేసి రెండో గేర్లోనే ఎక్కించాల్సి వచ్చింది, బండిలో పెద్దవాళ్లు ఉన్నారు, చాలా టెన్షన్ పడ్డాను. గట్టిగా తొక్కినప్పుడు నల్ల పొగ వస్తోంది. ఒక్కోసారి చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు మామూలుగా పోతుంది. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్పించాను, తేడా లేదు. ఆటోనగర్‌లో చూపిస్తే టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) పోయింది, 60,000 పైనే అవుతుందన్నారు. స్కానర్ పెట్టలేదు, సౌండ్ విని చెప్పేశారు. అంత డబ్బు పెట్టే ముందు ఇంకేం చూడాలి?

ఘాట్_రోడ్డు:
ఇంజిన్ అరుస్తోంది, బండి లాగట్లేదు అన్నారు కదా, ముందు క్లచ్ సంగతి తేల్చుకోండి. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్లో 40 స్పీడులో పోతూ ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఎగిరి స్పీడు అక్కడే ఉంటే క్లచ్ జారుతున్నట్టే. రెండూ కలిసే మెల్లగా పెరుగుతుంటే క్లచ్ బాగుంది, ఇంజిన్‌కే బలం చాలట్లేదు. అలాగే కాసేపు నడిపి దిగాక నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తగలకుండా దగ్గరగా పెట్టినా వేడి తెలుస్తుంది. ఒక్క చక్రమే బాగా కాలిపోతుంటే అక్కడ బ్రేక్ పట్టేస్తోందని అర్థం.

డీజిల్_పని:
బ్రదర్, ఆపి స్టార్ట్ చేస్తే బాగవుతోంది అన్న మాట చాలా ముఖ్యం. అది లింప్ మోడ్. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అడిగిన గాలి ఒత్తిడికీ, నిజంగా వస్తున్నదానికీ పొంతన కుదరకపోతే ఇంజిన్‌ని కాపాడటానికి పవర్ తగ్గించేస్తుంది, ఆపి స్టార్ట్ చేస్తే మళ్లీ మొదటి నుంచి చూస్తుంది. టర్బో రెక్కలు విరిగి ఉంటే కీ తిప్పినంత మాత్రాన బాగవదు. అందుకే స్కాన్ చేయించకుండా టర్బో మార్చమనడం నాకు అస్సలు నచ్చలేదు.

మీ ఇంజిన్‌లో వీజీటీ టర్బో (లోపలి రెక్కల కోణం మారే రకం), వాక్యూమ్‌తో పనిచేసే యాక్చుయేటర్ (ఆ రెక్కల్ని తిప్పే భాగం) ఉంటే, దాని సన్న రబ్బరు పైపులు ఇన్నేళ్లు ఇంజిన్ వేడికి ఎండి పగులుతాయి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు టర్బో పక్కనున్న యాక్చుయేటర్ రాడ్ ఎక్కడుందో చూసుకుని, ఇంకొకర్ని స్టార్ట్ చేయమనండి. రాడ్ లాగినట్టు కదలాలి, ఆపితే వెనక్కి రావాలి. కదలకపోతే పైపు తీసి చేతి వాక్యూమ్ పంపు పెట్టి చూస్తే యాక్చుయేటర్ పాడైందా, పైపో, వాక్యూమ్‌ని అదుపు చేసే సాలినాయిడ్ వాల్వో పాడైందా తెలిసిపోతుంది. తర్వాత ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) హోస్‌లు. పైకి బాగానే కనపడతాయి, అడుగున చేత్తో తడిమి చూడాలి, జాయింట్ దగ్గర కొత్తగా నూనె తడి ఉంటే అక్కడ గాలి పోతోంది. ఎంఏఎఫ్ సెన్సర్ (లోపలికెళ్లే గాలిని లెక్కించేది) కొలిచాక గాలి బయటికి పోతే, ఆ లెక్కకు డీజిల్ ఎక్కువై నల్ల పొగ వస్తుంది. మీ లక్షణాలన్నీ దీనికే సరిపోతున్నాయి. ఒక్క మాట, డీజిల్ రైల్ పైపుల (ఇంజెక్టర్లకు విపరీతమైన ఒత్తిడితో డీజిల్ పంపేవి) జోలికి మాత్రం ఇంజిన్ నడుస్తుండగా వెళ్లకండి, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

కోనసీమ_వీల్స్:
టర్బో మీద అనుమానం తీరాలంటే ఇంజిన్ చల్లారాక ఎయిర్ ఫిల్టర్ వైపు హోస్ తీసి షాఫ్ట్‌ని వేలితో కదపండి. పక్కలకు కాస్త కదలడం మామూలే, ముందుకీ వెనక్కీ కదిలినా, రెక్కలు గోడకు రాసుకున్న గుర్తులున్నా అది పోయినట్టే. నీలం పొగ, ఇంజిన్ ఆయిల్ తగ్గిపోవడం ఉన్నాయా?

బెజవాడ_బండి:
నీలం పొగ లేదు, ఆయిల్ తగ్గట్లేదు. క్లచ్, బ్రేకులు బాగున్నాయి. వేరే షెడ్డులో స్కాన్ చేయిస్తే పి0299 వచ్చింది, అంటే టర్బో ఒత్తిడి చాలట్లేదని. రాడ్ సగమే కదిలింది. సాలినాయిడ్ నుంచి యాక్చుయేటర్‌కి వెళ్లే పైపు చివర చీలిపోయి ఉంది, ఇంటర్‌కూలర్ కింది హోస్‌లోనూ సన్నని చీలిక, వంచితే తప్ప కనపడలేదు. రెండూ మార్చాం, కూలీతో కలిపి టర్బో ఖర్చులో పదో వంతు కూడా కాలేదు. షాఫ్ట్ గట్టిగానే ఉంది. ఇప్పుడు మూడో గేర్లో ఊపు వచ్చింది, పొగ చాలావరకు పోయింది. కానీ 1,500 లోపు ఇంకా కొంచెం బద్ధకంగానే ఉంది. అందరికీ చాలా థ్యాంక్స్, నిజంగా ఆదుకున్నారు.

డీజిల్_పని:
చాలా సంతోషం బ్రదర్. ఆ కింది బద్ధకానికి ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) విప్పి చూడండి, ఇన్ని కిలోమీటర్లకు మసి పేరుకుని పూర్తిగా మూసుకోకపోవచ్చు. శుభ్రం చేశాక గాస్కెట్ కొత్తదే వేయించండి. ఎంఏఎఫ్‌ని దానికోసం అమ్మే స్ప్రేతోనే కడగాలి, గుడ్డ పెట్టి తుడిస్తే లోపలి సన్న తీగ పోతుంది. ఒక బ్లూటూత్ ఓబీడీ (ఇంజిన్ రీడింగ్‌లు ఫోన్‌లో చూపే చిన్న స్కానర్) కొనుక్కుని మ్యాప్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి) రీడింగ్ చూడండి, మీ విజయవాడలో ఐడిల్‌లో 100 కేపీఏ దగ్గర ఉంటుంది, మూడో గేర్లో పూర్తిగా తొక్కితే 200 దరిదాపుల్లోకి రావాలి. రాకపోతే ఆ నంబర్లు ఇక్కడ పెట్టండి.