అప్‌డేట్: థార్ లైట్లు, వేడెక్కిన స్విచ్
పోయిన వారం అడిగాను కదా, మా థార్ జీపు బంపర్ మీద రెండు 60 వాట్ల లైట్లు పెడితే పది నిమిషాలకే స్విచ్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోందని. మీరన్నదే నిజం, నేను రిలే (స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో లైట్ల పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే డబ్బా) వెయ్యలేదు. 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు ఆ బుల్లి స్విచ్‌లోంచే పోతున్నాయి. పైగా ఫ్యూజూ లేదు! విప్పి చూస్తే స్విచ్ వెనక ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగింది.

ఆదివారం బ్యాటరీ నెగెటివ్ తీసేసి మొత్తం మళ్లీ వేశాను. బ్యాటరీకి జానెడు దూరంలో 15 ఆంపియర్ల ఫ్యూజ్, అక్కడి నుంచి రిలే 30వ నంబరు పిన్నుకి, 87వ పిన్ను నుంచి లైట్లకి. స్విచ్ వైరు 86కి, 85 ఎర్త్‌కి, అంటే బండి బాడీకి. మొదట 86, 87 తారుమారు చేసి, లైట్లు వెలగక గంటసేపు తల బాదుకున్నాను. ఎర్త్ వైరు బాడీ లోహానికి బాగా తగిలేలా అక్కడ పెయింట్ గీకమన్న అన్నకి థ్యాంక్స్. ఇప్పుడు అరగంట వెలిగించినా స్విచ్ చల్లగానే ఉంది. రోడ్డెక్కితే మాత్రం ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా లైట్లకి తొడుగులు వేసేస్తున్నాను.