గెటీస్‌బర్గ్ మూడో రోజు: లీ లెక్క ఎక్కడ తప్పింది?

ప్రశ్న:
అమెరికా అంతర్యుద్ధంలో, 1863 మే నెలలో ఛాన్సలర్స్‌విల్ వద్ద తనకు రెట్టింపు ఉన్న సైన్యాన్ని ఓడించిన దక్షిణాది సేనాపతి రాబర్ట్ లీ, రెండు నెలలు తిరగకుండానే, జూలై 3న గెటీస్‌బర్గ్ వద్ద, దాదాపు 12,500 మందిని ముప్పావు మైలు బయలు పొలాల మీదుగా శత్రువు ఫిరంగులకు ఎదురు నడిపించాడు. తన కింది సేనాని లాంగ్‌స్ట్రీట్ వద్దన్నా వినలేదు. అది అహంకారమా, అంచనా తప్పడమా?

మొదటి సమాధానం:
అంచనా తప్పడమేనని నా అభిప్రాయం. ముందురోజు ఇరు పార్శ్వాల మీదా చేసిన దాడుల్లో, ఆ కొనల్లోని గుట్టలైన లిటిల్ రౌండ్ టాప్ గానీ, కల్ప్స్ హిల్ గానీ పూర్తిగా చిక్కలేదు కనుక, ఉత్తరాది (యూనియన్) సేనాపతి మీడ్ బలగాలు ఆ కొనలకు తరలి నడుమ పలచబడి ఉంటాయని లీ భావించాడు. అయితే ఆ రాత్రే మీడ్, నడుమ భాగాన్ని కాస్తున్న గిబ్బన్‌తో, రేపు దాడంటూ జరిగితే నీ మీదనే అని చెప్పాడట. ఈ మాట రాసిపెట్టింది గిబ్బనే.

రెండవ సమాధానం:
ఫిరంగుల సంగతి కూడా చూడాలి. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో లీ పక్షాన సుమారు 150 ఫిరంగులు మొదలుపెట్టాయి గానీ, కమ్ముకున్న పొగలో గురి తెలియక చాలా గుండ్లు గట్టు దాటి, వెనుకనున్న మీడ్ విడిది చుట్టూ కట్టేసిన గుర్రాల మీద పడ్డాయి. రాతిగోడ చాటున బోర్లా పడుకున్న సిపాయిలు చాలావరకు బతికిపోయారు. యూనియన్ ఫిరంగి దళాధిపతి హెన్రీ హంట్ మందుగుండు మిగుల్చుకోవడానికి కాల్పులు ఆపించాడు. అవతల లాంగ్‌స్ట్రీట్ ఫిరంగులను నడిపిస్తున్న అలెగ్జాండర్, కొన్ని యూనియన్ ఫిరంగులు వెనక్కి వెళ్లడం చూసి, తన మందుగుండు అయిపోవస్తోంది, త్వరగా కదలమని, దాడికి దిగాల్సిన డివిజన్ సేనాని పికెట్‌కు చీటీ పంపాడు. ఎమిట్స్‌బర్గ్ రోడ్డు పక్క కంచె ఎక్కి దిగుతుండగానే వందలమంది కూలిపోయారు. (దాడికి పికెట్ పేరే మిగిలింది గానీ, ఆయనది మూడు డివిజన్లలో ఒకటి మాత్రమే; పెట్టిగ్రూ, ట్రింబుల్ మనుషులనూ లెక్కలోకి తీసుకోవాలి.)

మూడవ సమాధానం:
అంచనా తప్పిందని సరిపెట్టడానికి నేను ఒప్పుకోను. దాదాపు ఏడాది క్రితం, 1862 జూలై 1న, మాల్వెర్న్ హిల్ మీద ఇలాగే ఎదురు ఫిరంగులపైకి పంపి లీ ఐదు వేల మందికి పైగా నష్టపోయాడు. అక్కడ ఫిరంగుల వెనుక ఉన్నదీ ఈ హంటే. ఆ డిసెంబరులో ఫ్రెడరిక్స్‌బర్గ్ వద్ద రాతిగోడ ముందు యూనియన్ సిపాయిలు వరుసలు వరుసలుగా పడిపోవడం లీ స్వయంగా చూశాడు. ఆ సంగతి వాళ్లు మరవలేదు. జూలై 3న గోడ వెనుక నుంచి కాలుస్తూ వాళ్లు అరిచిన మాట "ఫ్రెడరిక్స్‌బర్గ్!"