పేరు వదిలి విశ్వాసంలో నిలిచిన పాప్ గాయకులు మీకు తెలుసా?

అందరికీ నమస్కారం. మా చర్చి యూత్ మీటింగ్‌లో మాట్లాడటానికి అమెరికా రాక్ అండ్ రోల్ గాయకుడు లిటిల్ రిచర్డ్ జీవితం చదువుతున్నాను. 1957లో, పేరు మారుమోగుతున్న రోజుల్లోనే, ఆస్ట్రేలియా టూర్‌లో ఉండగా రాక్ అండ్ రోల్ మానేస్తున్నానని ప్రకటించారు. అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్‌లో ఉన్న ఓక్‌వుడ్ కాలేజీలో వేదాంతం చదవడానికి చేరారు, 1959లో పెళ్లి చేసుకున్నారు, దేవుని పాటలు రికార్డు చేశారు. కానీ 1962లో ఇంగ్లండ్ వెళ్లి మళ్లీ పాత పాటలే పాడారు. ఆ పెళ్లీ నిలవలేదు. ఆయన అలా పాత పాటలకు తిరిగి వెళ్లడాన్ని బలహీనత అనడానికి నాకు మనసొప్పదు, చప్పట్ల లాగుడు అంత బలమైనది మరి.

పిల్లలు తప్పకుండా అడుగుతారు: వెనక్కి వెళ్లనివాళ్లు ఎవరూ లేరా అని. మరో అమెరికా గాయకుడు ఆల్ గ్రీన్ మెంఫిస్‌లో పాస్టర్ అయ్యారు గానీ ఆయనా తర్వాత పాత పాటలు పాడారు. పేరు వదిలేసి, కుటుంబంతో, విశ్వాసంతో చివరిదాకా ఉండిపోయినవాళ్లు మీకు తెలిస్తే చెప్పండి. హంట్స్‌విల్‌లో ఉండే తెలుగువాళ్లెవరైనా ఓక్‌వుడ్ చూసి ఉంటే, అక్కడ రిచర్డ్ గురించి ఏమనుకుంటారో కూడా దయచేసి రాయండి.